రోడ్డు రావాలి, ఊరి బీడు నిలవాలి



ఈనాడు నేను ఎరువులను గురించి గాని, పురుగుమందులను గురించి గాని చెప్పబోవడం లేదు. మన ఊళ్ళకు వస్తున్న కొత్త రోడ్లను గురించి, ఆ రోడ్ల పక్కన మిగలవలసిన మేతబీళ్ళను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. వ్యవసాయ విస్తరణాధికారికి రోడ్లతో ఏమి పని అని మీరు అడగవచ్చు. చివరిదాకా వింటే పని ఉన్నదో లేదో మీకే తెలుస్తుంది.

మొదట ఒక మాట. రోడ్డు మనకు శత్రువు కాదు. బురదలో బండి దిగబడి, మిరప టిక్కీలు తడిసి, రైతు నష్టపోయిన రోజులు పెద్దలకు గుర్తే. గిద్దలూరు, కంభం మీదుగా 544డి జాతీయ రహదారి, మార్కాపురం, పొదిలి మీదుగా 565 జాతీయ రహదారి పోతున్నవి. వాటిని కలిపే రోడ్లు కురిచేడు వంటి మెట్ట ప్రాంతానికి కూడా కావలసినవే.

అయితే రోడ్డు గీత ఎక్కడ పడుతుంది? పట్టాభూమి మీద పడితే యజమాని ఊరుకోడు. నష్టపరిహారం ఇవ్వాలి, కాలం పడుతుంది. అదే మేత పోరంబోకు మీద, డొంక మీద, కుంట మీద పడితే అడిగేవాడు లేడు. కనుక గీత అటు జరగడం సహజం. పదిమందిదైన భూమి ఎవరిదీ కాకుండా పోవడం ఇట్లాగే!

ఆ బీడు మనకు ఏమిస్తున్నదో లెక్క చూడండి. ఒంగోలు జాతి పశువుకు మేత అక్కడే. గొర్రెలు, మేకలు కాసుకొని బతికే కుటుంబాలకు అదే పొలం. వానచుక్క భూమిలో ఇంకి బావికి చేరేది కూడా అట్లాంటి చోటనే. ఒకసారి నేను పొలాలు చూడబోయినప్పుడు ఒక ముసలి కాపరి రోడ్డు పక్కన నిలబడి, "సారూ, రోడ్డు వచ్చింది మంచిదే. మా జీవాలు అవతల బీడుకి ఎట్టా పోవాల?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న రోడ్డు వేయకముందు అడగవలసినది.

ముందు అడిగితే ఏమవుతుందో తెలంగాణలోని చేవెళ్ళ చెబుతుంది. హైదరాబాదు నుండి బీజాపూరు పోయే రోడ్డుకు రెండువైపులా అక్కడ సుమారు 900 మర్రిచెట్లున్నవి. రోడ్డును వెడల్పు చేయాలని తలపెట్టినప్పుడు, చెట్లను కాపాడమని కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. చివరకు రోడ్డు గీతను సవరించి చాలా చెట్లను ఉన్నచోటనే ఉంచే ఏర్పాటు కుదిరింది. కాని ఆలస్యానికి కూడా ధర ఉన్నది. 2025 నవంబరు 3న అదే రోడ్డు మీద, మీర్జాగూడ దగ్గర, కంకర టిప్పరు బస్సును గుద్ది చాలామంది ప్రాణాలు పోయినవి. చెట్టూ కావాలి, మనిషీ కావాలి. అందుకే తగవు ముదిరిన తరువాత కాక, కొలత రాళ్ళు పాతకముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

మన ఊళ్ళో చేయవలసిన పనులు ఇవి.

ఒకటి: గ్రామ సర్వేయరును పిలిచి మేతబీడు, డొంక, కుంట, వాగు హద్దులు కొలిపించి రాళ్ళు వేయించండి. గ్రామసభలో తీర్మానం రాయించండి. ఊరుమ్మడి భూములను ఆక్రమణల నుండి విడిపించి గ్రామానికి అప్పగించే ఏర్పాటు చేయవలెనని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఈ సంగతి తీర్మానంలో చేర్చండి.

రెండు: బీడును నట్టనడుమ చీల్చకుండా అంచువెంట గీత వేయమని అడగండి. రెండు ముక్కలైన బీడు సగం బీడు కూడా కాదు. దాటక తప్పనిచోట పశువులు పోయేటంత ఎత్తు, వెడల్పు గల దారి రోడ్డు కింద కావాలని అడగండి.

మూడు: చెరువులోకి నీరు వచ్చే ప్రతి వంక దగ్గర కల్వర్టు ఉన్నదా చూడండి. ఆ వంకలు ఏవో ఇంజనీరుగారికంటే మీకే బాగా తెలుసు. వానాకాలంలో ఆయనను వెంటబెట్టుకొని చూపించండి.

నాలుగు: రోడ్డుకు గ్రావెలు కోసం బీడులో గోతులు తవ్వనివ్వకండి. మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో చెరువులు, వాగులు లోతు చేసి ఆ మట్టిని రహదారికి వాడారు. రోడ్డుకు మట్టి, ఊరికి నీరు రెండూ దక్కినవి. అయితే పైనున్న మెత్తని ఒండ్రు మీ చేలకు తోలుకోండి. దాని కిందనున్న గట్టి మొరం పరీక్షకు నిలిస్తే రోడ్డుకు ఇవ్వండి.

ఐదు: చెట్లు. 2015 నాటి హరిత రహదారుల విధానం ప్రకారం జాతీయ రహదారి ఖర్చులో నూటికి ఒకటి మొక్కలకు కేటాయించాలి. వేప, కానుగ, చింత, నేరేడు అడగండి. తొలకరికి ముందే రెండడుగుల గుంటలు తీయించి, 10 మీటర్ల ఎడంగా నాటించండి. మలుపుల్లో, కూడళ్ళలో వద్దు. ఎదుటి బండి కనపడదు. ముళ్ళకంప కట్టి రెండు వేసవులు నీరు పోయాలి.

ఇక మన తప్పు కూడా చెప్పుకోవాలి. బీడు నిండా చిల్లచెట్లు పెరగనిచ్చి, అంచులు మనమే దున్నుకుంటే, చూచినవాడు అది పనికిరాని భూమి అనుకోడా? చిల్లచెట్లు వేళ్ళతో తీయించి, వానలకు స్టైలో, అంజన్ గడ్డి విత్తనాలు చల్లండి. గడ్డి నిలదొక్కుకొనేవరకు వంతులవారీగా మేపండి.

బీడును తప్పించినందువల్ల గీత ఒక రైతు చేను మీద పడవచ్చు. అప్పుడు ఆయనకు న్యాయమైన పరిహారం వచ్చేదాకా ఊరంతా ఆయన పక్కన నిలవాలి. పదిమంది మేలుకు ఒక్కడు మునగకూడదు.

బీడు పోతే పాడి తగ్గుతుంది, పేడ తగ్గుతుంది, చేను బలం తగ్గుతుంది. వ్యవసాయాధికారికి రోడ్లతో పని అదే. వచ్చే గ్రామసభకు ఊరి పటం తీసుకొని వెళ్ళండి.