వండిందెవరని అడగని పంక్తి



ఈ సాయంకాలం మనం బడిలో పిల్లలకు పెట్టే అన్నం గురించి మాట్లాడుకుందాం. సంఘంలో మాట్లాడుకోవలసిన సంగతేనా ఇది అని కొందరికి అనిపించవచ్చు. ఐదు రొట్టెలు, రెండు చేపల సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. పొద్దుపోయింది, జనాన్ని పంపేస్తే ఊళ్లలోకి వెళ్లి వాళ్లే ఏదో కొనుక్కుంటారని శిష్యులు అనుకున్నారు. యేసుప్రభువు దానికి ఒప్పుకోలేదు. పెట్టే బాధ్యతను శిష్యుల మీదే ఉంచాడు. ఆకలి ఎవరిది వాళ్లే చూసుకోవాలనే మాట ఆయన దగ్గర చెల్లలేదు.

చెన్నైలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో పారిశుధ్య పని చేసేవారు ఎందరో ఉన్నారు. తెల్లవారకముందే చీపురు పట్టుకుని వీధిలోకి వెళ్లే తల్లికి పొయ్యి వెలిగించే తీరిక ఎక్కడిది? పిల్లలు రాత్రి మిగిలిన అన్నమో, టీలో ముంచిన బన్నో తిని బడికి పోతారు. అదీ లేని రోజులుంటాయి. పది గంటలకే కళ్లు తిరిగే పిల్లవాణ్ణి చూసి, వీడికి చదువు మీద ధ్యాస లేదని పెద్దలు తేల్చేస్తారు.

ఈ ఆకలిని గుర్తించిన తొలితరం నాయకుల్లో ఒక తెలుగువాడు ఉన్నాడు. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు. ఆయన కాలంలోనే థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు టిఫిను పెట్టాలని తీర్మానం చేశారు. ఒక్కొక్కరికి రోజుకు ఒక అణా మించకూడదన్నది అప్పటి లెక్క. 1956లో కామరాజ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది. 1982 జూలై 1న ఎం.జి.ఆర్. ప్రభుత్వం సత్తుణవు పథకం తెచ్చింది. 2022 సెప్టెంబరులో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు పొద్దుటి టిఫిను కొన్ని బడుల్లో మొదలై, మరుసటి ఏడాది రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వచ్చింది. చీపురు పట్టిన తల్లి బిడ్డకు ఆ ఉప్మా, ఆ పొంగలి ఎంత మేలో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

యౌవనులారా, ఒక్కటి గుర్తుంచుకోండి. ఇది ప్రభుత్వం చేసే దానం కాదు. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల పిల్లలందరికీ వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 ఆహార భద్రత చట్టం ఎనిమిదో తరగతి వరకు దాన్ని హక్కు చేసింది. సరుకులు రాలేదనో, వంటమనిషి లేదనో భోజనం ఆగితే, ఆ రోజులకు తగిన ఆహార భద్రత భత్యాన్ని మరుసటి నెల 15లోగా ఇవ్వాలని 2015 నియమాలు చెబుతున్నాయి. దానం అయితే దండం పెట్టి ఊరుకుంటాం. హక్కు అయితే అడుగుతాం.

అయితే అన్నం దొరికితే సరిపోదు. 2018లో తిరుప్పూరు జిల్లాలోని ఒక ప్రభుత్వ బడికి అరుంధతీయుల స్త్రీ వంటమనిషిగా వచ్చింది. ఆమె వండితే మా పిల్లలు తినరని పై కులాల తల్లిదండ్రులు గొడవ చేశారు. అధికారులు ఆమెనే బదిలీ చేశారు. జనం నిలదీశాక ఆ బదిలీని రద్దు చేశారు. తమిళనాడు అరుంధతీయుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. అవమానపడింది మన ఇంటి ఆడపడుచే అనుకోవాలి. వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె ఆ వంటగదిలోకి దయవల్ల రాలేదు.

కొరింథులో ఇలాంటి తగవే వచ్చింది. ఉన్నవారు ముందుగా వచ్చి తిని తాగేవారు. లేనివారికి ఆకలి మిగిలేది. అలాంటప్పుడు మీరు తినేది ప్రభువు భోజనమే కాదని అపొస్తలుడైన పౌలు కఠినంగా చెప్పాడు. పౌలు తప్పు పట్టింది వంటను కాదు, బల్ల దగ్గర పెట్టిన తేడాను. వండిందెవరని అడగకుండా పిల్లలు ఒకే పంక్తిలో కూర్చుని తిన్నప్పుడు, వాళ్లు ఏ పాఠంలోనూ దొరకని సమానత్వాన్ని నేర్చుకుంటారు. ఆ పంక్తి చెడితే పుస్తకంలోని సమానత్వం కూడా చెడుతుంది.

మరి మనం ఏం చేయాలి? విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. అందరిలో సగం మంది స్త్రీలు ఉండాలి. మన పేటల తల్లులు ఆ కమిటీల్లో కూర్చోవాలి. అక్కడి మాటలు, కాగితాలు తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటాయి. ఆ భాష చదవగలిగిన యౌవనులు అమ్మకో, పిన్నికో, పక్కింటి అక్కకో తోడు వెళ్లి చదివి చెప్పాలి. వడ్డించకముందు ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలని నియమం ఉంది. అది జరుగుతోందా అని అడగాలి. పిల్లల్ని వేరుగా కూర్చోబెడితే అదే రోజు కాగితం మీద ఫిర్యాదు రాయాలి.

వండే చేతుల్ని మరువకండి. వంట సహాయకులకు కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలకే. కొన్ని రాష్ట్రాలు దానికి మరికొంత కలుపుతాయి. ధరలు ఎంత పెరిగినా ఏళ్ల తరబడి కేంద్రం లెక్క మాత్రం కదలలేదు. పిల్లల అన్నం కోసం ప్రార్థించే సంఘం, ఆ అన్నం వండిన తల్లి జీతం గురించి కూడా మాట్లాడాలి.

ఈ వారం మీ పేట బడికి వెళ్లండి. ఏం వండారో, ఎవరు వండారో, పిల్లలు ఎలా కూర్చున్నారో చూడండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మనం కూర్చుని, చూసినవి ఒకరికొకరు చెప్పుకుందాం. ఆ తరువాత ఎక్కడ ఏం అడగాలో కలిసి నిర్ణయించుకుందాం.

దేవుడు మనలను దీవించి, మన పిల్లల పంక్తిని కాపాడును గాక. ఆమేన్.