గొంతులో కాపలాదారు



మీ గొంతు మీరెప్పుడైనా రికార్డులో విన్నారా? నేను మొదటిసారి రేడియోలో మాట్లాడి, దాన్ని తిరిగి వినిపించినప్పుడు "ఎవరండీ ఈవిడ?" అని అడిగాను. నేనేనట! మనం మాట్లాడేటప్పుడు మన మాట గాలిలోంచే కాక, పుర్రె ఎముకల గుండా కూడా మన చెవి లోపలికి చేరుతుంది. ఎముక మోసుకొచ్చే ధ్వని కాస్త గంభీరంగా ఉంటుంది. రికార్డులో అది ఉండదు కనుక గొంతు పల్చగా, పరాయిదానిలా వినిపిస్తుంది. మన గొంతు అసలు ఎలా ఉంటుందో ఊరందరికీ తెలుసు, మనకు తప్ప!

మా ఇల్లు ఫిలింనగర్‌లో. పక్కింటావిడ సినిమాలకు డబ్బింగ్ చెబుతుంది. పొద్దున్న ఇరవయ్యేళ్ల పిల్లగా గలగలమంటుంది, మధ్యాహ్నం గయ్యాళి అత్తగారైపోతుంది. కమల్‌హాసన్ పది వేషాలు వేసిన 'దశావతారం' 2008లో తెలుగులో వచ్చినప్పుడు, వాటిలో ఏడింటికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారొక్కరే గొంతు ఇచ్చారు. అందులో ముసలమ్మ కూడా ఉంది!

ఇంత గారడీ చేసేవి స్వరపేటికలోని రెండు చిన్న మడతలు. స్వరతంత్రులంటారు గాని, అవి వీణ తీగల్లా ఉండవు, పెదవుల్లా ఉంటాయి. ఆడవాళ్లలో వీటి పొడవు సుమారు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు, అంటే బొటనవేలి గోరంత. ఊపిరితిత్తుల గాలి తగలగానే సెకనుకు దాదాపు 200 సార్లు కొట్టుకుంటాయి. మగవారికి 120 ప్రాంతం. పురిటి పిల్ల కేరుమంటే 400 పైమాటే. సాగదీస్తే సన్నని గొంతు, వదులు చేస్తే బొంగురు గొంతు. గంటసేపు ఎడతెగకుండా గొంతు పలికిస్తే 7,20,000 సార్లు ఒకదాన్నొకటి తాకినట్టు. ఇక పిల్లల్ని చదివించే ఇళ్లలో లెక్క మీరే వేసుకోండి.

తమాషా ఏమిటంటే, మాట్లాడడం వీటి అసలు ఉద్యోగం కాదు. ఇవి కాపలాదారులు. మనం ముద్ద మింగే ప్రతిసారీ ఇవి గట్టిగా మూసుకుని, మెతుకు శ్వాసనాళంలోకి పోకుండా అడ్డుకుంటాయి. తింటూ కబుర్లు చెబితే ఆ తలుపు తెరుచుకుంటుంది, పొలమారుతుంది. మనమేమో నెత్తిమీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం!

దీన్నిబట్టి ఇంకొకటి తెలుస్తుంది. మిరియాల పాలు గొంతు లోపలికి హాయిగా దిగుతాయి గాని, స్వరతంత్రుల్ని తాకవు. తాకితే దగ్గొచ్చేస్తుంది. రోజంతా నీళ్లు తాగుతుంటే ఒళ్లంతటితో పాటు అవీ తడిగా ఉంటాయి, అంతే. ఆవిరి మాత్రం నేరుగా చేరుతుంది. అయినా మిరియాల పాలు నేను మానలేదు లెండి.

మా వదినకు గొంతు బొంగురుపోయి నాలుగు నెలలైంది. "పిల్లల మీద అరిచి అరిచి ఇలా అయింది, వాళ్లకు పరీక్షలైపోతే అదే తగ్గుతుంది" అనేది. కాస్త తగ్గుతుందని గుసగుసగా మాట్లాడేది. నొక్కి గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి కాదు, ఒక్కోసారి శ్రమే ఎక్కువట. ఓసారి మా ఇంటికొచ్చినప్పుడు పక్కింటావిడ రెండు మాటలు విని, "వదినగారూ, నాకిలా పది రోజులుంటేనే భయపడిపోతాను. మీరు నాలుగు నెలలు ఎలా ఊరుకున్నారండీ?" అంది. వదిన తెల్లబోయింది. ఆవిడకు గొంతు జీవనాధారం కనుక జాగ్రత్త, మనకు కాదు కనుక అశ్రద్ధ!

మర్నాడు చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ముక్కులోంచి సన్నని గొట్టం పంపి చూశారు. స్వరతంత్రుల మీద చిన్న కాయలు కట్టాయట, రోలు దంచిన చేతికి కట్టినట్టు. గొంతు ఎలా వాడాలో నేర్పితే చాలావరకు తగ్గుతాయన్నారు. అయితే బొంగురు అన్నిసార్లూ ఇంత చిన్నదై ఉండదు. థైరాయిడ్ లోపం కావచ్చు, అరుదుగా క్యాన్సర్ కూడా కావచ్చు. అందుకే మూడు నాలుగు వారాలు దాటితే చూపించుకోవాలి. మింగడం కష్టమైనా, రక్తం పడినా అన్నాళ్లు కూడా ఆగకూడదు.

వదినకు ఇప్పుడు నయం. పిల్లల్ని భోజనానికి పిలవాలంటే అరవడం మానేసి, గరిటెతో కంచం మోగిస్తోంది. పై వాటావాళ్ల పిల్లలు కూడా దిగి వస్తున్నారట.