మైనం పొట్లంలో దాచిన వేడి

వేడిని దాచాలంటే మనకు ముందు గుర్తొచ్చేది ఫ్లాస్కు. కానీ అందులో పోసిన టీ కూడా మెల్లగా చల్లారిపోతుంది కదా. అలా కాకుండా, గంటల తరబడి ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలబడి వేడినిచ్చే పదార్థాలున్నాయి. వాటిని ఫేజ్ చేంజ్ మెటీరియల్స్ అంటారు. షార్ట్‌గా పీసీఎం.

మీకు బాగా తెలిసిన పీసీఎం ఐసే. 1 కిలో ఐస్ కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే వేడితో 1 కిలో నీళ్లను 0 నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా కాచొచ్చు! అంత వేడిని మింగుతూ కూడా ఐస్ 0 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మళ్లీ గడ్డకట్టేటప్పుడు ఆ వేడంతా తిరిగిచ్చేస్తుంది. స్కూల్లో గుప్తోష్ణం అని బట్టీ పట్టింది ఇదే.

ఇప్పుడు ఐస్ బదులు, 37 డిగ్రీల దగ్గర కరిగే మైనం తీసుకోండి. 37 అంటే మన ఒంటి వేడి. తక్కువ బరువుతో పుట్టిన పసిపిల్లలకు ఒంట్లో కొవ్వు చాలా తక్కువ. ఒళ్లు ఇట్టే చల్లబడిపోయి ప్రాణం మీదకొస్తుంది. ఇన్‌క్యుబేటర్ పెడదామంటే కరెంటు ఆగకుండా ఉండాలి. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ విద్యార్థులు క్లాసు ప్రాజెక్టుగా మొదలుపెట్టిన 'ఎంబ్రేస్' దీనికోసమే. చూడ్డానికి చిన్న స్లీపింగ్ బ్యాగులా ఉంటుంది. లోపల సీలు చేసిన మైనం పొట్లం. ముందు దాన్ని వేడిచేసి కరిగిస్తారు, తర్వాత అది గడ్డకడుతూ కొన్ని గంటలపాటు బిడ్డకి వెచ్చదనం ఇస్తుంది. ఒక్క మాట, అమ్మ గుండెకి హత్తుకుని పడుకోబెట్టుకోవడానికి ఇది బదులు కాదు. అది కుదరనప్పుడు తోడు.

మరి పొట్లం ఎందుకు? కరిగితే కారిపోతుంది కాబట్టి. నన్నడిగితే పీసీఎంలో సగం కథ ఆ తొడుగుదే. 1948లో అమెరికాలోని డోవర్ అనే ఊళ్లో మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్త ఒక ఇల్లు కట్టించారు. పగటి ఎండని గ్లాబర్ సాల్ట్ అనే ఉప్పులో దాచి, చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉంచాలని ప్లాన్. ఉప్పుని డ్రమ్ముల్లో నింపారు. మొదట్లో బాగానే పనిచేసింది. కానీ కరిగి, గడ్డకట్టి, మళ్లీ కరిగి... ఆ ఉప్పు పొరలుగా విడిపోయింది, డ్రమ్ములు తుప్పుపట్టి కారాయి. మూడో చలికాలానికి సిస్టం చేతులెత్తేసింది.

అందుకే ఇప్పుడు తొడుగుని బాగా చిన్నది చేశారు. మైనాన్ని కంటికి కనపడనంత చిన్న ప్లాస్టిక్ గుళికల్లో బంధిస్తారు. మైనం లోపలికి వేడి చాలా నిదానంగా పాకుతుంది. పెద్ద గడ్డైతే మధ్యభాగం కరగడానికి చాలా టైం పడుతుంది, గుళికైతే చిటికెలో కరుగుతుంది. పొడిలా ఉంటుంది కాబట్టి గోడల ప్లాస్టర్‌లో కలపొచ్చు, బట్టకి పూతలా వేయొచ్చు.

అయితే ఇలాంటి గోడ మన బెజవాడలో పనిచేస్తుందా? పగలు కరిగిన మైనం రాత్రికి గడ్డకట్టాలి, అప్పుడే మర్నాడు మళ్లీ వేడిని మింగగలదు. 26 డిగ్రీల దగ్గర కరిగే మైనం పెట్టి, మే నెల రాత్రి 30 కూడా దిగకపోతే? అది కరిగే ఉంటుంది, గోడ మామూలు గోడే. కాబట్టి ఎవరైనా మీకు పీసీఎం గోడ అమ్మడానికొస్తే, ఎంత దగ్గర కరుగుతుందో అడిగి, మీ ఊరి రాత్రి ఉష్ణోగ్రత పక్కన పెట్టి చూడండి.