పసిబిడ్డల యతిసారము - తల్లిదండ్రుల కర్తవ్యము

(కనిగిరిలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఉదయమునుండి పెద్దలు విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు చక్కగా ప్రసంగించిరి. చదువవలసిన బిడ్డ ముందు బ్రతుకవలయును గదా! కావున మీ యనుమతితో మేము రెండేండ్లలోపు పసివారికి వచ్చెడు వాంతులను, నీళ్ళ విరేచనములను గూర్చి కొన్ని మాటలు విన్నవింపగోరుచున్నాము. ఇది మహాసభలో మాటలాడదగిన విషయమా యని కొందఱికి తోచవచ్చును. కాని మన కుటుంబములలోని ముసలితల్లులను “అమ్మా, నీకు బిడ్డలెందఱు?” అని యడిగి చూడుడు. పుట్టినవారిని వేఱుగను, దక్కినవారిని వేఱుగను రెండు లెక్కలు చెప్పుదురు. ఆ రెండు లెక్కల నడుమ మిగిలిపోయిన పసివారిలో ననేకులను హరించినది యీ వ్యాధియే.

మా యింటి సంగతియే మొదట చెప్పెదము. నాలుగేండ్ల క్రిందట సంక్రాంతికి వచ్చిన మా దౌహిత్రుడు, పదునాలుగు నెలలవాడు, భోగినాటి రాత్రి వాంతి చేసికొనెను. తెల్లవాఱులోగా ఎనిమిది విరేచనములు నీళ్ళవలె నైనవి. పండ్లు వచ్చుచున్నవని యొకరును, దిష్టి తగిలినదని యొకరును అనిరి. “నీరు పోసినకొలది నీరే పోవును, కడుపు ఎండగట్టుడు” అని యింటి పెద్దావిడ చెప్పగా, చదువుకొన్నవారమయ్యు మేమును తలయూపితిమి. బిడ్డ నీళ్ళ చెంబువైపు చేయి చాచి యేడ్చుచుండగా, దానిని చాటున పెట్టినవారము మేమే. ప్రొద్దెక్కిన పిమ్మట అల్లుడు అంగడికి పోయి యొక తీపి పానీయపు పెట్టెను దెచ్చెను. దానిపై ఓ.ఆర్.యస్. అను అక్షరములు పెద్దవిగా నుండెను. బిడ్డ ఆత్రముతో త్రాగెను. విరేచనములు మఱింత హెచ్చెను. మధ్యాహ్నమునకు కన్నులు గుంటలు పడెను, ఏడ్చినను కన్నీరు రాలేదు, మాడు లోనికి దిగెను. పెద్దావిడ ఆ మాడుకు ఆముదము పెట్టెను. ఆమె కన్ను పొరపడలేదు. మాడు దిగుట యొడలిలోని నీరు తఱుగుటకు గుఱుతేయని వైద్యులును చెప్పుదురు. కాని యా బిడ్డకు కావలసినది నీరు. ఆముదము వలన నేమగును?

వైద్యశాలలో సూదియు, సీసాయు సిద్ధమగునని మేము తలంచితిమి. అచ్చటి నర్సమ్మ బిడ్డ పొట్టమీది చర్మమును రెండు వ్రేళ్ళతో పట్టి విడిచి చూచెను, తూచి పది కిలోలని వ్రాసికొనెను, త్రాగుటకు వాడు ఆతురపడుచుండుట గమనించి, ఒక గిన్నెయు చెంచాయు తల్లి చేతికిచ్చి, “నాలుగు గంటలలో 750 మిల్లీలీటర్లు లోపలికి పోవలెనమ్మా. నిమిషమునకో రెండు నిమిషములకో యొక చెంచా పోయుము. కక్కినయెడల పది నిమిషములాగి, మఱల మెల్లగా మొదలుపెట్టుము” అని చెప్పెను. తల్లి కొంతసేపు, అమ్మమ్మ కొంతసేపు, మేము కొంతసేపు ఆ చెంచా పట్టితిమి. సాయంకాలము అమ్మమ్మ యొడిలో బిడ్డ మూత్రము పోసినప్పుడు మా యింటివారు పొందిన సంతోషము ఏ పండుగనాడును పొందియుండలేదు.

ఆనాడు మేము తెలిసికొన్న దిది. ఈ వ్యాధిలో బిడ్డను చంపునది విరేచనము కాదు. దానితో వెడలిపోవు నీరును, ఉప్పులును. పోయినదానిని పోయినట్లు మఱల నింపుచుండినచో, సామాన్యముగ కొన్ని దినములలో వ్యాధి తనంతట తానే శమించును. పసివారిలో తీవ్రమైన విరేచనములకు ముఖ్య కారణమగు రోటావైరస్ అను సూక్ష్మజీవిని 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున రూత్ బిషప్ అను విదుషియు, ఆమె సహచరులును కనుగొనిరి. ఇట్టి వైరస్‌లను చంపుటకు ఆంటీబయాటిక్ మందులు పనికిరావు. విరేచనములను బిగగట్టు మాత్రలను పసివారికి ఈయనే యీయరాదు.

వట్టి నీరు చాలదా, ఉప్పు చక్కెర లేల యని మీరడుగవచ్చును. మన చిన్నప్రేవు గోడలో ఉప్పును చక్కెరను జంటగా లోనికి గొనిపోవు ద్వారములు గలవని 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. విరేచనములు ముమ్మరముగ నున్నప్పుడు గూడ ఈ ద్వారములు చాలవఱకు పనిచేయుచునే యుండును. ఉప్పు, చక్కెర లోనికి పోగా వానివెంట నీరును పోవును. చక్కెర మితిమీరినచో నది యొడలి నీటిని ప్రేవులోనికి లాగి విరేచనములను హెచ్చించును. మా యింట తీపి పానీయము చేసిన యపకార మిదియే.

ఈ శాస్త్రము తల్లుల చేతిలో నెట్టి యాయుధమైనదో 1971లో లోకమునకు తెలిసినది. బంగ్లాదేశ్ యుద్ధకాలమున వంగదేశపు సరిహద్దునందలి బనగాఁవ్‌లో కాందిశీకుల శిబిరమునందు కలరా చెలరేగెను. నరములద్వారా ఎక్కించు నీటిసీసాలు నిండుకొనుచుండెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన పొట్లములను నీటిలో కరగించి, రోగుల బంధువుల చేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి 30 వఱకు నుండిన మరణములు 4కు లోపునకు దిగెను. ఆయన 2022లో దివంగతులైరి. మఱుసటి యేట భారత ప్రభుత్వము పద్మవిభూషణమును ప్రకటించెను. ఆ శిబిరములో దాదులు తల్లులే, అక్కలే. వారు చేసినది మనము చేయలేమా?

ఇక చేయవలసిన విధము. పొట్లముమీద ఎంత నీటికో వ్రాసియుండును. కొన్ని లీటరునకు, కొన్ని 200 మిల్లీలీటర్లకు. అంత నీటిలో పొట్లమంతయు నొకేసారి కలుపవలయును. పాలుగాని, పండ్లరసముగాని, అదనపు చక్కెరగాని చేర్పరాదు. కలిపినదానిని 24 గంటలలోపల వాడి, మిగిలినది పాఱబోయవలయును. రెండేండ్లలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారియు 50 మొదలు 100 మిల్లీలీటర్ల వఱకు చెంచాతోనో, మన పూర్వుల ఉగ్గుగిన్నెతోనో మెల్లమెల్లగా పట్టవలయును. పొట్లము దొఱకనప్పుడు లీటరు నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెరను, అరచెంచా ఉప్పును తలగొట్టి కొలిచి కలుపవచ్చును. ఉప్పు ఎక్కువైన నపాయము. చనుబాలు మానిపింపరాదు. గంజియు, మజ్జిగయు, మెత్తని పప్పన్నమును, అరటిపండును బిడ్డ తిన్నంత పెట్టవలయును. జింకు మాత్రను ఆఱు నెలలు దాటిన బిడ్డకు దినమునకు 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్నవారికి 10 మిల్లీగ్రాములు చొప్పున 14 దినములు, విరేచనములు తగ్గిన పిమ్మటకూడ, ఈయవలయును. పొట్లములను, జింకు మాత్రలను ఆశా కార్యకర్తలును, ప్రాథమికారోగ్య కేంద్రములవారును ఉచితముగ నిచ్చుచున్నారు.

ఇంట నుండరాని వేళ గూడ నొకటి గలదు. బిడ్డ మత్తుగా పడియున్నను, త్రాగలేకున్నను, త్రాగినదెల్ల కక్కుచున్నను, పొట్టమీది చర్మమును పట్టి విడిచిన రెండు సెకనులకు గూడ సర్దుకొనకున్నను, ఆఱు గంటలుగా మూత్రము రాకున్నను, విరేచనములో నెత్తురు కనబడినను, ముహూర్తము చూడక 108 బండిని పిలువుడు. అట్టి బిడ్డకు నరముద్వారా నీటిని ఎక్కింపవలసి రావచ్చును. దారిలో గూడ, బిడ్డ మ్రింగగలిగినంతవఱకు, చెంచాను ఆపరాదు.

మన కనిగిరి సీమకు నీటి విషయమున నొక ప్రత్యేకమైన చిక్కు గలదు. మన భూగర్భజలములలో ఫ్లోరైడు హెచ్చు. అందుచే పెక్కుమంది క్యానులనీరు కొనుచున్నారు. నీరు కాచినచో సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. క్యానునీటిలో ఫ్లోరైడు తగ్గియున్నను, మురికి చేయి ముంచిన కడవలో నది మఱల చెడును. కావున పసివారికి క్యానునీటినే కాచి చల్లార్చి, మూతపెట్టి, పిడిగల గరిటెతో తీసి వాడుట మేలు. బిడ్డను కడిగిన పిమ్మటను, అన్నము పెట్టుటకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనవలయును.

అయినను రోటావైరస్ శుభ్రమైన యిండ్లనుగూడ విడువదు. దానికి టీకాయే రక్ష. ఢిల్లీ వైద్యశాలలో 1980ల నడుమ దొఱకిన యొక బలహీన వైరస్‌నుండి, డాక్టరు మహారాజ్ కిషన్ భాన్ మొదలగువారి కృషితో, హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ రోటావ్యాక్ అను చుక్కలమందును తయారుచేసెను. 2015లో నది విడుదలయ్యెను. 2016లో ప్రభుత్వము ఈ టీకాను మొట్టమొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ మొకటి. 6, 10, 14 వారముల వయస్సున మూడుసార్లు నోటిలో వేయుదురు, రుసుము లేదు. పరీక్షలలో నది తొలియేట తీవ్రవ్యాధిని నూటికి 56 వంతులు అరికట్టినది. అనగా టీకా వేయించితిమని చెంచాను మఱువరాదు. కఱవు రోజులలో పామూరు, వెలిగండ్ల, హనుమంతునిపాడు ప్రాంతములనుండి పనులకై హైదరాబాదునకు, బెంగుళూరునకు పోవు మన కుటుంబములవారు బిడ్డ టీకాల కార్డును వెంటగొనిపోయి, అక్కడి కేంద్రమున మిగిలిన మోతాదులు వేయింపవలయును.

తీపి పానీయముల విషయమున మన తెలుగు వైద్యురాలొకరు చేసిన సేవను స్మరింపక పోరాదు. హైదరాబాదునందలి పసిపిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఓ.ఆర్.యస్. అను పేరుతో నమ్మబడు తీపి పానీయములపై ఏండ్ల తరబడి పోరాడి, ఉన్నత న్యాయస్థానమువఱకు పోయిరి. తుదకు 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ, ప్రపంచారోగ్య సంస్థ చెప్పిన పాళ్ళు లేని పానీయములపై ఆ అక్షరములు ఉండరాదని ఆజ్ఞాపించెను. లీటరునకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాసియము క్లోరైడు 1.5, ట్రైసోడియము సిట్రేటు 2.9 గ్రాములు అనునవి ఆ పాళ్ళు. అంగడిలో పొట్లము కొనునప్పుడు వీనిని చదివి చూచుకొనుడు.

సోదరులారా! మా మనవి చిన్నది. ప్రతి యింటను రెండు పొట్లములు, జింకు మాత్రలు సిద్ధముగ నుండవలయును. మన మహిళా శాఖవారు గ్రామగ్రామమునకు పోయి, పొట్లము కలుపు విధమును, చెంచాతో పోయు విధమును కోడండ్రకును, అంతకంటె ముఖ్యముగ అత్తలకును చేసి చూపవలయును. ఏలన, ఇంట చెంబును దాచునదియు, ఇచ్చునదియు పెద్దల మాటయే. మన సంఘ భవనమునందును, వసతిగృహమునందును నొక పెట్టెలో పొట్లములుంచి, అడిగినవారికెల్ల నీయవలయును. ఆ అడిగినవారు మన కులమువారా కాదా యని విచారింపరాదు. పొరుగింటి బిడ్డ విరేచనము మన వాకిటికి వచ్చుటకు కులము అడ్డము రాదు. మన చెంచా వారి యింటికి పోవుటకును రాగూడదు. దాతలు వసతిగృహమునకిచ్చు విరాళములో నూఱవ వంతైనను దీనికి చాలును.

పుట్టినవారిని, దక్కినవారిని వేఱువేఱుగ లెక్కింపవలసిన దుఃఖము మన మనుమరాండ్రకు లేకుండుగాకయని కోరుచున్నాము.