పెరట్లో పాదు ఉగాదికి ముందే



మాఘమాసం రాగానే మా అమ్మ అటక మీది సొరబుర్ర దింపేది. అందులో పిడకల బూడిద కలిపిన గింజలు, రకానికొక గుడ్డమూటగా ఉండేవి. శివరాత్రికి గింజ నేలలో పడాలి, ఉగాదికి తీగ పందిరి అందుకోవాలి అన్నది ఆమె లెక్క. హోసూరు పక్క పల్లెలో మాది వానాధారపు సేద్యం. ఎండాకాలం వస్తే పొలంలో పచ్చనిదంటూ ఏదీ ఉండేది కాదు. పెరట్లో మాత్రం బీరతీగ, కాకరతీగ, నాలుగు వంగమొక్కలు, ఒక మూల తోటకూర మడి ఉండేవి. వైశాఖం, జ్యేష్ఠం ఆ కూరలతోనే గడిచేవి.

ఈ రోజు మీతో మాట్లాడబోయేది ఆ పెరటి తోట గురించే. వసంతం అనగానే మనకు ఉగాది, మామిడి పిందె, వేపపువ్వు గుర్తుకొస్తాయి. చాలామంది పండగ అయిపోయాక తీరుబడిగా విత్తనాలు కొనుక్కొస్తారు. అప్పటికి ఆలస్యమైనట్టే. సొరగానీ బీరగానీ గింజ నాటిన తరువాత మొదటి కాయ చేతికి రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. శివరాత్రి లోపల నాటితే ఎండలు ముదిరేసరికి వేరు లోతుకు దిగి ఉంటుంది, తీగ ఆకు కమ్మి తన నీడ తానే చూసుకుంటుంది. పండగ తరువాత నాటితే రెండాకుల మొలక మే నెల ఎండకు ఎదురు నిలవాలి. హోసూరు, కోలారు వైపు నేల కాస్త ఎత్తు గనుక వాళ్ళకు పది పదిహేను రోజులు వెసులుబాటు ఉంటుంది. బళ్ళారి, నాందేడ్, చంద్రపూర్ వైపు మే నెలలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ మాఘంలోనే నాటుకోవడం మేలు.

టమాటా విషయంలో మరీ ఆశ పెట్టుకోకండి. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. ఎండకు ఓర్చేవి బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర, తీగజాతులు. మీలో కొందరు గోరుచిక్కుడును మటిక్కాయ అంటారు, గోంగూరను పుంటికూర అంటారు. ఈ పేర్ల సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు నీళ్ళ మాట. ఎండాకాలంలో తాగే నీళ్ళకే కరువైతే తోటకు నీళ్ళెక్కడివని అడుగుతారు. నిజమే. కానీ బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, కూరగాయలు, ఆకుకూరలు కడిగిన నీళ్ళు ఒక రోజు మొత్తం బకెట్లో పట్టి చూడండి. ఒకప్పుడు ఇవన్నీ కుడితి తొట్టిలో పడి పశువులకు పోయేవి. పశువులు లేని ఇళ్ళు ఎక్కువై, ఆ కుడితి ఇప్పుడు మోరీలో పోతోంది. నాలుగు పాదులకు, ఒక చిన్న మడికి అదే ఆధారం. సబ్బు నీళ్ళు మాత్రం కూరగాయల మొదళ్ళకు పోయకండి. వాటికి అరటిచెట్టో, మెట్టతామర గుంటో చూపించండి.

ఇంకొకటి చేయవచ్చు. చిల్లిపడి మూలన పెట్టిన మట్టికుండ ఉంటే దాన్ని రెండు పాదుల మధ్య మెడ వరకు పాతి, అడుగు చిల్లిలో గుడ్డపీలిక దోపి, నీళ్ళు నింపి మూత పెట్టండి. నీరు నెమ్మదిగా వేరు దగ్గరే ఊరుతుంది, ఎండకు ఆవిరైపోదు. మొదలు చుట్టూ వేరుశనగ పొట్టో, ఎండాకులో మందంగా పరిస్తే రోజూ పోసే నీళ్ళు రోజు విడిచి రోజు పోసినా సరిపోతుంది. యానాం వంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో ఎండాకాలం బావినీళ్ళు ఉప్పెక్కుతాయి. ఆ నీళ్ళకు పాలకూర కొంత ఓరుస్తుంది, చిక్కుడుజాతి, ఉల్లి ఓర్చుకోవు.

పాదు అడుగున్నర లోతు, అంతే వెడల్పు తవ్వి ఒక వారం ఎండనివ్వండి. తరువాత పైమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సగం సగం కలిపి, గుప్పెడు వేపపిండి చల్లి పూడ్చండి. పచ్చిపేడ వేస్తే వేరు కాలిపోతుంది. సొర, పొట్ల, కాకర గింజలకు పెంకు గట్టి. ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, తెల్లని మొలక ముక్కు కనబడగానే నాటుకోవాలి. పాదుకు నాలుగైదు గింజలు వేసి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచి మిగతావి తీసేయండి. తీయడానికి చేతులు రావు, నాకు తెలుసు. తీయకపోతే అయిదింటికీ తిండి చాలదు. తోటకూర గింజను ఇసుకలో కలిపి చల్లండి, నెల తిరగకుండా కోతకు వస్తుంది. బెండకు ఆకుల ఈనెలు పచ్చబడే పల్లాకు తెగులు పెద్ద బెడద. దాన్ని తట్టుకునేలా తయారుచేసిన రకాలు మన ఇరుగుపొరుగు నేలల్లోనే పుట్టాయి. పర్భణీ క్రాంతి మరాఠ్వాడాలోని పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది, అర్క అనామిక బెంగళూరు దగ్గరి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థది. గంజాం, రాయగడ వైపు వంగ, టమాటా మొక్కలు పచ్చగా ఉండగానే వడలి చనిపోతుంటాయి. అలా పోయినచోట మళ్ళీ వంగ, టమాటా, మిరప పెట్టకండి. అక్కడ బెండో తోటకూరో వేయండి.

ఇప్పుడు పేర్ల సంగతి. మన బీరకాయ కన్నడంలో హీరేకాయి, తమిళంలో పీర్కంగాయ్. వింటుంటేనే ఒక తల్లి బిడ్డలని తెలుస్తుంది. మరాఠీలో దోడకా అంటారు. సంతలో అక్కడి మాటే చెల్లుతుంది, పిల్లలు బడిలో నేర్చేదీ అదే. మన పేరు వినబడే చోటు ఇంటి పెరడూ, వంటిల్లూ. అందులోనూ మనలో మనకే తేడాలున్నాయి. వాటివల్ల మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా వదినది బరంపురం. పెళ్ళై హోసూరు వచ్చిన తరువాతి మాఘంలో, పెరట్లో ఆనప పాదు పెడదాం, గింజలు తెమ్మని మా అన్నయ్యకు చెప్పింది. ఆమె పుట్టింటి వైపు ఆనపకాయ అంటే సొరకాయ. మా వైపు, అంటే హోసూరు, కోలారు, చిత్తూరు వైపు, అనపకాయ అంటే చిక్కుడు చుట్టం. సంక్రాంతి రోజుల్లో గింజలు నానబెట్టి, తోలు పితికి పులుసు చేసుకుంటామే, అది. మా అన్నయ్యకు బ్యాంకు లెక్కలు తెలుసుగానీ గింజలు తెలియవు. పక్కింటి పెద్దమ్మను అడిగి గుప్పెడు అనపగింజలు తెచ్చి, సాయంత్రం తానే నాటి, నీళ్ళు పోసి, నాటేశానని గొప్పగా చెప్పాడు. వారం తరువాత మొలకెత్తిన మూడాకులు చూసి వదిన నవ్వు ఆపుకోలేకపోయింది.

పెరికేయడానికి మనసొప్పక తీగను అలాగే ఉంచారు. అది పందిరి దాటి పెంకుల మీదికి పాకింది. ఉగాది పోయింది, వైశాఖం పోయింది, వానలూ వచ్చాయి, ఒక్క పువ్వు లేదు. రోజూ నీళ్ళు పోసిన వదినకు విసుగు పుట్టింది. ఎరువు ఎక్కువైందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు చెప్పారు. అసలు కారణం వేరు. నాటు అనప, నాటు తీగచిక్కుడు పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా ఉండే రోజుల్లోనే పూస్తాయి. మాఘంలో నాటితే రోజురోజుకూ పగలు పెరుగుతుంది గనుక తీగ ఆకులే వేసుకుంటూ పోతుంది. వాటిని ఆషాఢ శ్రావణాల్లో నాటాలి. ఆ తీగ కూడా కార్తీకంలో చలి తిరిగాక పూసింది, సంక్రాంతికి పితికిన పప్పు ఇచ్చింది. ఏ కాలంలోనైనా పూసే పొట్టిరకాలను బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు హెబ్బాళ అవరె 3, హెబ్బాళ అవరె 4 అనే పేర్లతో తెచ్చారు. ఎండాకాలంలో కావాలంటే అవి వేసుకోవచ్చు. కాబట్టి బంధువుల నుంచి గింజలు తెప్పించుకునేటప్పుడు పేరు ఒక్కటే నమ్ముకోకండి, ఎప్పుడు నాటాలో కూడా అడగండి.

తీగలు పూతకు వచ్చాక ఆడవాళ్ళు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు, పువ్వులన్నీ రాలిపోతున్నాయని. మొదట వచ్చేవన్నీ మగపువ్వులే, అవి రాలక తప్పదు. తరువాత వచ్చే ఆడపువ్వు కింద చిటికెనవేలంత పిందె ఉంటుంది. ఆ పిందె కూడా పసుపురంగు తిరిగి రాలిపోతుంటే పుప్పొడి అందలేదన్నమాట. పట్నాల్లో తేనెటీగలు తగ్గాయి. మీరే ఒక మగపువ్వు తెంపి, రేకలు తీసి, ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా తాకించండి. సొర, బీర, పొట్ల సాయంత్రం దీపాలు పెట్టే వేళ పూస్తాయి. కాకర, గుమ్మడి తెల్లవారుజామున పూస్తాయి. వేళ తప్పితే ఫలితం ఉండదు. పురుగు కుట్టి రాలిన కాయలను చెట్టుకింద వదలకుండా ఏరి లోతుగా పాతేయండి. పెరటి తోటకు అంతకు మించిన పురుగుమందు అక్కరలేదు.

ఇక గింజలు దాచడం. పొట్లం మీద ఎఫ్-1 అని ఉంటే అది సంకరజాతి. దాని కాయలోని గింజ నాటితే తల్లిలాంటి కాయ రాదు. ఏటేటా కొనుక్కోవలసిందే. నాటురకమైతే తీగకు వచ్చిన రెండో మూడో కాయను, వంక లేనిదాన్ని, గింజకు వదలండి. చివరికి మిగిలిన పిప్పికాయలను వదిలేవాళ్ళే ఎక్కువ. బీరకాయ తీగ మీదే ఎండి, ఊపితే గింజ గలగలమనాలి. సొరకాయకు తొడిమ ఎండి, పైతోలు గోటికి లొంగకుండా గట్టిపడాలి. గింజలు నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, తడి తగలని చోట పెట్టండి.

సొర గింజ దాచేవాళ్ళు ఒక విషయంలో మాత్రం ఏమరకూడదు. సొరపువ్వుకు పుప్పొడి ఎక్కడి తీగ నుంచైనా రావచ్చు. దగ్గరలో చేదుసొర ఉంటే దాని చేదు మీ గింజలోకి దిగి, మరుసటి ఏడు కాయల్లో బయటపడుతుంది. సొరకాయ కోసిన ప్రతిసారీ చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదు అనిపిస్తే ఉమ్మేసి, ఆ కాయ పారేయండి. అది కాకర చేదు వంటిది కాదు, విషం. ఉడికించినా పోదు. చేదు సొరరసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పెంచుకున్న కాయ గదా, పారేయడమెందుకని పులుసులో కలిపేస్తారు కొందరు. అలా చేయకండి. ఆ తీగను మొదలంటా తీసేయండి, దాని గింజ ఎవరికీ ఇవ్వకండి.

గింజకు వదిలిన కాయకు ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంచండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు కోసి కూర వండేస్తారు. గింజలు పొట్లం కట్టేటప్పుడు దానిమీద మీ ఇంట్లో పిలిచే పేరు, సంతలో పిలిచే పేరు, నాటే నెల, మూడూ రాసి పెట్టండి. మా వదిన ఇప్పుడు అలాగే రాస్తుంది.

సెలవు.