కార్డు పోస్టులో పడితేనే



నిఖాలో ఈజాబు, ఖబూలు ఒకే మజ్లిస్‌లో వినిపిస్తాయి. మరి ఉత్తరాల మీద జరిగే బేరంలో ‘సరే’ అన్నది ఎప్పుడు అన్నట్టు?

మా నాన్నగారు దర్జీ. గుడివాడ నుంచి ఒకాయన పాత కుట్టుమిషన్ ఇస్తాను, కావాలంటే ఉత్తరం రాయండని కార్డు వేశారు. నాన్నగారు ఆరోజే సరేనని రాసి, ఆ ఊరు వెళ్తున్న బంధువు చేతికిచ్చారు. బెజవాడలో మా వీధి చివరే పోస్టు డబ్బా ఉంది! కార్డు ఆయన జేబులోనే ఉండిపోయింది, మిషన్ వేరొకరికి పోయింది. నాన్నగారు మరో రెండేళ్లు అద్దె మిషనే తొక్కారు.

1872 కాంట్రాక్టు చట్టం 4, 5 సెక్షన్లు చదివాక మాకు సంగతి బోధపడింది. మన జవాబు పోస్టులో పడి చెయ్యి దాటిన క్షణం నుంచి అమ్మేవారు కట్టుబడతారు. ఆపై వారు మనసు మార్చుకున్నా చెల్లదు. మనం మాత్రం అది వారికి చేరేలోగా కబురంపి విరమించుకోవచ్చు. బంధువు మన మనిషే, కార్డు వెనక్కి అడగొచ్చు. కనుక అది మన చెయ్యి దాటనట్టే.

ఫోనుకు ఈ లెక్క లేదు. అవతలివారు విన్నప్పుడే ఒప్పందమని 1965లో భగవాన్‌దాస్ కేడియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

తరగతిలో లేఖ పాఠం వచ్చినప్పుడు రసీదు సంగతీ చెబుతున్నాం. ఉత్తరాలు ఇప్పుడెవరు రాస్తున్నారని పిల్లలు నవ్వుతారు. జేబులోంచి స్పీడుపోస్టు రసీదు తీసి చూపిస్తాం.