పిలుపు ఒకరికి, జవాబు అందరిదీ



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆ పెద్దాయనకు బోధకుడన్న బిరుదు లేదు. వారమంతా అంకుడు కర్ర చెక్కి బొమ్మలు చేసేవారు, ఆదివారం వాక్యం చెప్పేవారు. అందుకే పూర్ణహృదయంతో పిలుపు అందుకోవడం గురించి మాట్లాడమన్నప్పుడు, లక్క బొమ్మలు చేసే ఈ ఏటికొప్పాకలో మాట్లాడాల్సిన సంగతే ఇదని నాకు అనిపించింది.

పిలుపు అనగానే వల వదిలేసిన పేతురు, సుంకపు మెట్టు మీద నుంచి లేచి వచ్చిన మత్తయి మనకు గుర్తొస్తారు. ఏలీషా అయితే తాను దున్నుతున్న ఎడ్లనే వధించి, ఆ కాడి కర్రలతోనే మాంసం వండి, జనానికి వడ్డించి మరీ ఏలీయా వెంట వెళ్లాడు. తిరిగి రావడానికి దారి ఉంచుకోలేదు. ఆ తెగింపు గొప్పదే. కానీ నిర్గమకాండం 31వ అధ్యాయం కూడా తెరవండి. దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపాడు. ఎందుకు? బంగారం, వెండి, రాయి, కర్ర పని కోసం. కర్ర చెక్కే చేతికి దేవుని ఆత్మ అవసరమని లేఖనమే చెబుతుంటే, ఈ ఊరివాళ్లు తమ పనిని ప్రభువు పనికి బయటిదని ఎలా అనుకుంటారు?

మీరు రోజూ చూసేదే. రంగు కలిపిన లక్క కడ్డీని ఆగి ఉన్న కర్ర మీద ఎంత రుద్దినా చారలే పడతాయి. లేతు మీద కర్ర గిర్రున తిరిగి, రాపిడికి వేడెక్కితేనే లక్క కరిగి పట్టుకుంటుంది. సగమే వేడెక్కిన మనసు మీద భక్తి రంగు కూడా అలాగే నిలవదు, మొదటి ఎండకే రాలిపోతుంది.

ఇప్పుడు మన తీరానికే చెందిన ఒక మనిషి గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఆయన పేరు థామస్ గాబ్రియేలు, తెలుగువాడు. సర్కారు తంతి శాఖలో ఉద్యోగం. ఆ రోజుల్లో అది నెల తిరిగేసరికి జీతం చేతిలో పడే కొలువు, ఊళ్లో గౌరవం తెచ్చే కొలువు. ప్రభువును ఎరిగాక తన సొంత జనానికి సువార్త చెప్పాలన్న భారంతో ఆ కొలువు వదిలేశాడు. వెనక ఏ విదేశీ సంస్థా లేదు. కాకినాడలో, చుట్టుపక్కల ఊళ్లలో బోధించాడు. జనం వచ్చారు, సంఘం ఏర్పడింది. డబ్బు మాత్రం రాలేదు. చేతిలో ఉన్నది ఖర్చయింది, ఆపై అప్పులయ్యాయి. చివరికి ఆయన సాయం కోసం కెనడా బాప్టిస్టులను అర్థించాడు. 1874 మార్చిలో వారి మిషనరీగా జాన్ మెక్‌లారిన్ కాకినాడ చేరారు. 1875 ఆరంభంలోనే గాబ్రియేలు కన్నుమూశాడు.

కాకినాడలో వేసిన ఆ వేరు నుంచే తుని, యలమంచిలి, నర్సీపట్నం మిషన్లు వచ్చాయి. అంటే మీరూ నేనూ ఈ సాయంత్రం ఇలా కూర్చోవడంలో తంతి శాఖ జీతం వదులుకున్న ఆ మనిషి భాగం ఉంది. మన సంఘ చరిత్రలు ఓడ దిగిన దొరతో మొదలవుతాయి. మెక్‌లారిన్ గారి సేవను తక్కువ చేయను. కానీ ఈ కథ గాబ్రియేలుతోనే మొదలవ్వాలి.

నన్ను కలవరపెట్టేది ఆయన అప్పు. ఆ మనిషి హృదయంలో లోటు లేదు, అంతా ఇచ్చేశాడు. లోటు ఎక్కడుంది? కొత్తగా విశ్వసించిన పేదల దగ్గర డబ్బు లేదు, వాళ్లను అనలేం. కానీ ఆనాడు తీరం పొడవునా స్థిరపడిన క్రైస్తవులు ఉన్నారు, కొలువులు చేసేవాళ్లు ఉన్నారు. ఒక మనిషి పూర్తిగా జవాబిస్తే, చుట్టూ ఉన్నవాళ్లు సగం జవాబిచ్చారు. ఆ మిగిలిన సగం బరువు కూడా ఆయన ఒక్కడి మీదే పడింది. పిలుపు ఒకరి చెవిన పడవచ్చు. దానికి జవాబు చెప్పాల్సింది మాత్రం సంఘమంతా.

చౌదరి పురుషోత్తం గారి సంగతీ అంతే. 1803లో పర్లాకిమిడి సీమలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. అయినవాళ్ల ఎడబాటు భరించారు. 1890లో మరణించే దాకా పాడుతూ, రాస్తూ, బోధిస్తూనే ఉన్నారు. ఆయన కీర్తన పాడని తెలుగు సంఘం ఉంటుందనుకోను. పాట అందరం తీసుకున్నాం. ఆ బతుకులోని ఒంటరితనాన్ని ఎందరం పంచుకున్నాం?

మన ఇళ్లలో జరిగేది చూడండి. బిడ్డ పుట్టగానే ప్రభువుకు ప్రతిష్ఠిస్తాం. ఆ బిడ్డే పెరిగి “సేవకు వెళ్తానమ్మా” అంటే, “ముందు ఉద్యోగం రానీరా, తర్వాత చూద్దాం” అంటాం. తల్లి భయం నాకు అర్థమవుతుంది. సేవకుడి ఇంట్లో నెలాఖరుకి బియ్యం డబ్బా ఎలా ఉంటుందో ఆమె కళ్లారా చూసింది. ఆ డబ్బా నిండుగా ఉంచడం మన చేతుల్లో ఉన్న పని, దాన్ని వదిలేసి యువతలో సమర్పణ తగ్గిందని ప్రసంగాలు చేయడం న్యాయం కాదు.

లేతు మీద కూర్చునే తమ్ముళ్లకు కూడా ఒక మాట. పసిపిల్ల నోట్లో పెట్టుకునే బొమ్మకు హాని చేయని రంగు వాడడం, పచ్చి కర్రను ఎండిందని చెప్పి అమ్మకపోవడం, ఏం చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసమన్నట్టు చేయమని పౌలు కొలొస్సయులకు రాసిన మాటకు మీరిచ్చే జవాబు. పౌలు కూడా డేరాలు కుట్టినవాడే.

పెద్దలకు నా విన్నపం రెండే మాటలు. వచ్చే నెల నుంచి మీ సేవకుడి జీతం ఆయన అడగకముందే, ఒకటో తేదీనే ఇంటికి చేర్చండి. ఈ సంఘంలో ఏ పిల్లవాడైనా, ఏ ఆడపిల్లైనా ప్రభువు నన్ను పిలుస్తున్నాడని చెబితే, ఆ ఖర్చులో మీ వాటా ఎంతో ముందు చెప్పి, ఆ తర్వాత సలహా చెప్పండి.